పేరు రాయని గోదాం

మన్సూరాబాద్‌లో రెండో అంతస్తు ఇల్లు. మార్చి నెల, ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. ముందు రోజు సాయంత్రం ఆ ఇంటి కంప్యూటర్‌లోంచి బాలరాజ్ గొంతు పోయింది. అతను పోయి అప్పటికి నాలుగు నెలలు. భార్య పద్మలత సర్కారు బడిలో తెలుగు చెబుతుంది. పొద్దున్నే సాయినాథ్‌కు ఫోన్ చేసి రమ్మంది. దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో బాలరాజ్ దగ్గర చదువుకున్న మనిషి, ఇప్పుడు ఆయన క్లాసులు చెబుతున్నదీ అతనే. ఆమె మనసులో ఒకటే లెక్క నడుస్తోంది: ఆరింటికి కూతురు సౌందర్య ఇంటికి వస్తుంది.

“మల్ల ఒక్కసారి చెప్పక్కా. ముందుగాల ఏం నొక్కినవ్?”

“చెప్పిన గద సాయీ. కంప్యూటర్ల మీ సార్ పెట్టిన పేజీ తెరిచిన. వరుసగ పేర్లొచ్చినయ్. ఒకదాని పక్కన టిక్కు పెట్టిన. నొక్కిన.”

“అదే, ఏం నొక్కినవ్?”

“పైన ఉంటయి గద. అవి.”

“పైన ఏడు బటన్లుంటయ్. స్టార్ట్, స్టాప్...”

“చివరిది.”

“రిమూవా?”

“ఎర్రగ ఉంటది. అదే.”

“అబ్బా! పొరపాటున తగిలిందా?”

“చాయ్ తాగుతవా? పాలు స్టౌ మీదనే ఉన్నయ్.”

“చాయ్ తర్వాత చూద్దాం. ముందు లాప్‌టాప్‌కు చార్జింగ్ పెట్టాలె. గిక్కడ ఏదో ఫోన్ పెట్టి ఉంది, తీసేస్తున్న.”

“అది తియ్యకు.”

“వంద ఉంది అక్కా. నిండింది.”

“ఉండనీ. సోఫా ఎన్క ఇంకో ప్లగ్గుంది. దాంట్ల పెట్టుకో.”

“ఎవల్ది ఈ ఫోను? సౌందర్యదా?”

“మీ సార్‌ది.”

“సరే, సరే. సోఫా ఎన్కనే పెడ్త.”

“జర తొందరగ చూడు సాయీ. ఆరింటికల్ల పిల్ల వస్తది. వచ్చుడు వచ్చుడే ట్యాబ్ పట్టుకుంటది. వాళ్ల నాయన కథలు తెరుస్తది. రాకపోతే ఏం చెప్పాలె నేను?”

“పరేషాన్ కాకు. పేజీ వచ్చింది. ఫోటోలు... నడుస్తుంది, పచ్చగనే ఉంది. మార్కులు... ఇదేంది?”

“మా పదో తరగతి పిల్లల మార్కులు. నాకోసమే చేసిండు.”

“కరెంటు... గిది మీటర్ రీడింగ్. కథలు ఉండాలె. లేదు. పేర్లు భలే పెట్టిండు సార్! ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాటలు.”

“అందుకే కొట్లాడిన. తెలుగు పంతులమ్మ మొగుడివి, కథలకు కే, ఏ, టీ రాస్తవా అని. దానికి తెలుగు అక్షరాలు ఎక్కయి పద్దూ, నేనేం చెయ్యాలె అన్నడు.”

“నిజమే అక్కా, ఎక్కయి.”

“ఆయన మీద నమ్మకం లేక మా బడిల కంప్యూటర్ సార్‌ను గూడ అడిగిన.”

“హహ! ఆయనేమన్నడు?”

“ఎక్కయనే అన్నడు. ఇంటికొచ్చి చెప్పలేదు నేను.”

“అక్కా, ఒక మాట. ఈ పేజీ ఎట్ల వాడాలెనో సార్ నీకు కాగితం రాసిచ్చిండు గద? క్లాసుల గూడ చెప్పిండు. మా ఇంట్ల అలమార తలుపు లోపల అతికిచ్చిన అని.”

“ఉంది.”

“ఏం రాసిండో ఒకపారి చదువు.”

“ఎందుకు?”

“చదవరాదా.”

“ఒకటి. పేరు పక్కన పచ్చగుంటే నడుస్తున్నట్టు. రెండు. ఎర్రగుంటే ఆగినట్టు, టిక్కు పెట్టి స్టార్ట్ నొక్కు.”

“మూడు?”

“మూడు. రిమూవ్ జోలికి పోకు.”

“కింద గీత గూడ కొట్టిండా?”

“రెండు గీతలు. ఎర్ర పెన్నుతోని. పెన్ను నాదే. పేపర్లు దిద్దుతుంటే అడిగి తీసుకున్నడు.”

“మరి...”

“కథలు వస్తయా రావా? అది చెప్పు సాయీ.”

“చెప్త. ముందు సంగతి ఏందో ఎరుక కావాలె గద. చూడక్కా, ఈ పేజీల ఒక్కొక్క పేరు ఒక కంటైనర్. కంటైనర్ అంటే కిరాయి ఇల్లు. మాకు మొదటి క్లాసుల సార్ చెప్పిన మాట అదే. పొద్దున దిగుతవ్, సాయంత్రం ఖాళీ చేస్తవ్, ఎవలేమనరు. కాని సామాను ఇంట్ల పెట్టుకోకు. సామానుకు బయట ఒక గోదాం కట్టుకో. ఇల్లు కూలినా గోదాం ఉంటది. గోదాం మీద పేరు రాయి. పేరు రాయకపోతే ఎవల్దో తెల్వక ఒకరోజు ఎవలో ఊడ్చేస్తరు.”

“ఇంట్ల గూడ ఇట్లనే మాట్లాడుతడు. పప్పు డబ్బా మీద గూడ పేరు రాయమంటడు.”

“క్లాసుల ఒక రివాజు ఉండె. పేరు రాయకుండ గోదాం పెట్టినోడు బ్యాచ్‌కంత చాయ్ తాపాలె. కింద మెట్రో పిల్లర్ కాడ బండి మీద. ముప్పై మందికి. నేనే నాలుగుసార్లు తాపిన.”

“అయితే కథలకు గోదాం కట్టిండా లేదా?”

“అదే చూస్తున్న. పేర్లున్న గోదాంలు మూడే అక్కా. ఫోటోలు, మార్కులు, కరెంటు. కథల పేరు మీద ఏం లేదు.”

“లేదంటే?”

“ఆగక్కా. ఇంకో దిక్కు చూడాలె. నిన్నటి సంది ఈ కంప్యూటర్ డబ్బాల ఏమేం జరిగిందో రాసుంటది ఒక తాన. అగో. సాయంత్రం ఐదు పదికి కథలు ఆగింది. ఏడు గంటలకు తీసేసినట్టుంది.”

“ఊఁ.”

“ఐదు పదికి ఆపినవ్. ఏడింటికి తీసేసినవ్. నడుమల రెండు గంటలు.”

“వంట చేసుకుంటున్న.”

“అక్కా, పొరపాటుకు రెండు గంటలు పట్టదు.”

“పద్మా! ఓ పద్మా! తలుపు తీసే ఉన్నదా? ఓయమ్మ! గీ చెప్పులు! ఎప్పుడొచ్చినా గీటికే తట్టుకుంట.”

“చూసుకొని రా అండాలమ్మ పెద్దమ్మా.”

“ఇంత పెద్ద చెప్పులు తొవ్వల పెడ్తె ఏం చూసుకోవాలె? పక్కకు జరుపుతున్న.”

“జరపకు. ఆడ్నే ఉండనీ.”

“ఇల్లు నాదే, తొవ్వ నాదే, నేనే జరపొద్దా? వాడుక లేనివి ఎవల్కన్న ఇయ్యరాదా బిడ్డా. మంచి తోలువి.”

“ఏం పని మీద పైకొచ్చినవ్ పెద్దమ్మా?”

“నీ ఫోన్ లేస్తలేదంట. మీ అత్త సుక్కమ్మ నాకు చేసింది. పిల్లను తోల్కొని మీ మామ హయత్‌నగర్ డిపో కాడ బస్సెక్కిండంట.”

“ఇప్పుడేనా? ఆరంటే ఇంకా...”

“పిల్ల ఒక్కటే తీరు ఇంటికి పోదాం ఇంటికి పోదాం అంటున్నదంట. గిక్కడికెంత, అరగంట. ఈ పిలగాడెవలు?”

“సాయినాథ్. ఆయన దగ్గర చదువుకున్నడు.”

“నమస్తే అమ్మమ్మా.”

“అమ్మమ్మనా? నీకెన్నేండ్లు?”

“ముప్పై రెండు.”

“నెత్తి మీద చూస్తె యాభై కొట్టినట్టున్నవ్. సరే తియ్. పద్మా, పిల్లను మల్ల ఊరికి పంపకు. నిన్నటి సంది కింద నాకు తోస్తలేదు. పొద్దుగాల కిటికి కాడ కూసోని గలగల మాట్లాడుతుంటది గద.”

“మాట్లాడదు పెద్దమ్మా. వింటది. అది వాళ్ల నాయన గొంతు.”

“ఏమోనమ్మా. నాకు పిల్ల మాటలే ఇనబడ్తయి.”

“వాళ్ల నాయన కథలు.”

“అట్లనే కానీ. నాకు డెబ్బై ఏండ్లాయె, నా చెవులను నేనే నమ్మ. పోతున్న. మెట్ల మీద నీళ్లు పడ్డయి, పిల్లను జర మెల్లగ ఎక్కమను.”

“సరే పెద్దమ్మా.”

“పోయింది అక్కా. ఇప్పుడు చెప్పు.”

“ఏం చెప్పాలె?”

“ఆ రెండు గంటలు.”

“అరగంటల పిల్ల వస్తదట, విన్నవు గద.”

“నా చేతులు పని చేస్తనే ఉంటయ్. నువ్వు చెప్పు.”

“పొరపాటు కాదు సాయీ. చూసే నొక్కిన.”

“ఎందుకక్కా? సార్ గొంతు గద అది.”

“నీకు తెలుసా, ఆ కథలు ఎట్ల మొదలైనయో?”

“సాయంత్రం బ్యాచ్ పెట్టినప్పుడు అన్నడు. పిల్ల పడుకునే యాళ్లకు ఇంటికి పోలేకపోతున్న అని.”

“బ్యాచ్‌కు బ్యాచ్‌కు నడుమ స్టాఫ్ రూంల కూసోని ఫోన్ల చెప్పెటోడు. ఇక్కడ ఈ డబ్బాల వచ్చి పడేది. పిల్ల విని పండుకునేది. మొత్తం అరవై మూడు. చివరిది బర్రె కథ.”

“బర్రె కథా?”

“ఎల్బీనగర్ చౌరస్తాల ఒక బర్రె తప్పిపోతది. దానికి హయత్‌నగర్ పోవాలె. ట్రాఫిక్ పోలీసును తొవ్వ అడుగుతది. ఆయన ముందు నీ హెల్మెట్ ఏది అంటడు. ఫ్లైఓవర్ ఎక్కాల్నా, కింది నుంచి పోవాల్నా తెలుస్తలేదు దానికి. నాలుగు దిక్కులు చూస్తది. ఆడికి ఆపిండు. మిగిలింది ఇంటికొచ్చినంక చెప్త బిడ్డా అన్నడు.”

“అది...”

“నవంబరు పద్దెనిమిది.”

“ఆ రోజు ఏడున్నర క్లాసుల నేనున్న అక్కా. బోర్డు మీద రాస్తున్నడు. రాసుకుంట రాసుకుంటనే...”

“తెలుసు. చెప్పినవు నాకు.”

“అవునక్కా. చెప్పిన.”

“నాలుగు నెలల సంది ఆ పిల్ల రోజూ పొద్దున ట్యాబ్ పట్టుకొని కిటికి కాడ కూసుంటది. నేను వంటింటి తలుపు దగ్గరికేసుకుంట. నేను ఆ కథలు వినలేదు సాయీ. ఒక్కటి గూడ, అప్పటి సంది. ఒకరోజు గాలికి తలుపు తెరుచుకున్నది. ఆ బర్రె కథనే వస్తుంది. మిగిలింది ఇంటికొచ్చినంక చెప్త అని వినబడ్డది. ఆ పిల్ల దాన్ని ఎన్కకు జరిపి మల్ల పెట్టుకున్నది.”

“చిన్న పిల్ల. ఇష్టపడి వింటది.”

“ఇష్టం కాదు. ఎదురు చూస్తుంది. మొన్న శుక్రవారం వాళ్ల రమ్య టీచర్ నన్ను పిలిచి నోట్‌బుక్ చూపెట్టింది. మా నాన్న గురించి ఐదు మాటలు రాయమన్నదట. మా నాన్న రోజూ నాతో మాట్లాడుతడు, నేను అడిగినవన్ని వింటడు అని రాసింది. పక్కన రమ్య టీచర్ టిక్కు పెట్టలేదు, తప్పు పెట్టలేదు. ఊరికే ఒక చుక్క పెట్టింది.”

“పిల్లకు అసలు సంగతి చెప్పలేదా అక్కా?”

“ఏ సంగతి?”

“సార్... లేడని.”

“ఆ రోజు పిల్లను మా అక్క ఇంటికి పంపిండ్రు. దశదినం నాడే తీస్కొచ్చిండ్రు. ఫోటోకు దండ ఏసి ఉండె. చూసింది. ఏమడగలేదు. తెల్లారి నేను తీసేసిన.”

“దండనా?”

“వాడిపోయింది.”

“మరి ఫోటో?”

“లోపల ఉంది. ఫోటో సంగతి ఎందుకిప్పుడు? ఆ కథ సగంల ఉన్నన్ని రోజులు నాయన వస్తడని పిల్ల అనుకుంటనే ఉంటది. నేనే ఆపాలె అనుకున్న. ఐదింటికి ఆపిన. ఎర్రగయింది. చూసుకుంట కూసున్న. మూడోది గూడ చదివిన, రిమూవ్ జోలికి పోకు అని. రెండు గంటలు ఆ కాగితమే చూసిన. ఏడింటికి నొక్కిన.”

“నొక్కినంక?”

“అన్నం వండిన. తినబుద్ధి కాలేదు. తెల్లారేసరికి తెలిసొచ్చింది. పిల్ల దగ్గర ఆయనది ఇంకేముంది సాయీ? ఉన్నదే అది. దాన్ని గూడ నేనే తీసేసిన. తెచ్చియ్యి. ఎట్లనన్న తెచ్చియ్యి.”

“అక్కా, ఇప్పుడు ఒకటడుగుత. సరిగ యాదికి తెచ్చుకో. రిమూవ్ నొక్కినప్పుడు ఇంకో చిన్న డబ్బా వచ్చి ఒక మాట అడుగుతది.”

“నిజంగ తీసెయ్యాల్నా అని.”

“దాని కింద ఇంకోటి. పేరు లేని గోదాంలు గూడ దీనితో పాటే తీసెయ్యాల్నా అని. పక్కన చిన్న మీట. దాన్ని జరిపినవా?”

“గుర్తులేదు.”

“పిల్లల పేపర్లల్ల ఒత్తులు లెక్కపెడ్తవ్. నీకు గుర్తులేదా?”

“జరిపితే ఏమైతది?”

“జరిపితే ఊడ్చుకపోతది. ఏం మిగలదు. నేను గాదు, ఎవలొచ్చినా తేలేరు.”

“జరపకపోతే?”

“ఏడ్నో ఒకతాన పడి ఉంటది.”

“జరపలేదు.”

“గట్టిగ చెప్తున్నవా?”

“చదివిన. అర్థమైంది. దాని మీద వేలు పెట్టిన. చెయ్యి రాలేదు.”

“బతికిచ్చినవ్ అక్కా! ఆగు, పేరు లేని గోదాంలు చూద్దాం... అమ్మో!”

“ఏంది?”

“ఇరవై మూడున్నయ్.”

“ఇరవై మూడా?”

“అన్నిటికి పేరు తాన ఇంత పొడుగు అంకెలు, అక్షరాలు. ఒక్కదాని మీద రాయలేదు సార్. మాకు చెప్పిండు గాని ఇంట్ల రాసింది ఆ మూడిటికే... అక్కా, ఇరవై మూడుసార్లు చాయ్ తాపాలె మాకు. ముప్పై మందికి.”

“పప్పు డబ్బాల మీద రాసిండు.”

“నవ్వినవ్ అక్కా.”

“నవ్వలేదు. వెతుకు.”

“ఒక్కొక్కటి తెరిచి చూసుకుంట పోతే పొద్దూకుతది. కట్టిన తారీఖు ఉంటది పక్కన. కథలు మొదలుపెట్టింది ఎన్నడో నీకేమన్న ఎరుకనా?”

“జూన్ పన్నెండు.”

“అంత టక్కున చెప్పినవ్?”

“బడులు తెరిచిన రోజు. పిల్ల మూడో తరగతికి వచ్చింది. అదే రోజు ఆయనకు సాయంత్రం బ్యాచ్ ఇచ్చిండ్రు. పిల్ల కొత్త చెప్పులు ఇప్పకుండ, నాన్న వచ్చి చూడాలె అని అట్లనే పండుకున్నది. ఆయన వచ్చి చూసి, ఆ రాత్రే కూసొని చేసిండు.”

“జూన్ పన్నెండు... జూన్... ఉంది! రెండున్నయ్. మొదటిది... ఖాళీ. ఇంకోటి... అక్కా.”

“చెప్పు.”

“ఇది ఖాళీ లేదు. బరువుంది. ఇదే అయి ఉండాలె.”

“ఇప్పుడేం చెయ్యాలె?”

“ఇల్లు పోయింది గాని ఇంటి నక్షా సార్ దాచిండు. అదే నక్షాతోని కొత్త ఇల్లు లేపుత. ఈ గోదాం తాళం దానికిస్త. ముందు గోదాంల ఉన్నదంత ఇంకో తాన కాపీ కొట్టి పెడ్త. కొట్టేటప్పుడు పేరు గూడ రాస్త ఈసారి. ఏం రాయమంటవ్?”

“కథలు అనే రాయి.”

“కే, ఏ, టీ, హెచ్...”

“ఆయన ఎట్ల రాస్తే అట్లనే రాయి.”

“కాపీ అయితుంది. జర ఆగాలె.”

“ఎంతసేపు?”

“రెండు నిమిషాలు. చాయ్ పెట్టినవ్ గద, తేపో.”

“పాలు ఎప్పుడో విరిగినయ్.”

“పోనీ నీళ్లన్న ఇయ్యి.”

“ఇగో. సాయీ, కింద ఆటో ఆగినట్టుంది. చూడు.”

“కాదక్కా, ఎదురింటి వాళ్లు. అగో! పచ్చగయింది. కథలు. నడుస్తుంది అని రాసింది చూడు.”

“చూస్తున్న.”

“పేజీ తెరుస్తున్న. ట్యాబ్‌ల గూడ ఇట్లనే వస్తది, పిల్లకేం తేడా తెల్వదు. ఎన్ని అన్నవ్?”

“అరవై మూడు.”

“అరవై మూడేనా?”

“ఆయనే చెప్పిండు, ఆ వారమే. అరవై దాటినయ్ పద్దూ, కథలు అయిపోతున్నయ్, మీ లైబ్రరీల ఏమన్న పుస్తకాలు తెచ్చియ్యి అన్నడు. ఏం, తక్కువున్నయా?”

“నూట డెబ్బై ఒకటి ఉన్నయ్.”

“తప్పు చూసినవ్. ఒకటే రెండుసార్లు చూపిస్తుందేమో.”

“లేదక్కా. తారీఖు వారిగ ఉన్నయ్. జూన్ పన్నెండు... ఆగస్టు... నవంబరు పద్దెనిమిది. ఆడికి అరవై మూడు. సరిగ్గ ఉన్నయ్.”

“అంతే గద.”

“దాని తర్వాత డిసెంబరు ఒకటి ఉంది.”

“డిసెంబరు ఒకటా?”

“డిసెంబరు రెండు. మూడు. నాలుగు. రోజుకొకటి. పొద్దున ఏడింటికి, ఏడుంబావుకు. ఒక్కొక్కటి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. నిన్న పొద్దటి దాక ఉన్నయ్.”

“దశదినం నవంబరు ఇరవై ఎనిమిది. దాని తర్వాత మూడో రోజు.”

“అక్కా, ఈ పేజీల రికార్డు బటన్ గూడ పెట్టిండు సార్. ఇంట్ల నుంచి గూడ పలకొచ్చు. ఎవలన్న నొక్కిన్రా?”

“నేను ఆ పేజీ ఎన్నడు తెరవలేదు. నాకు తెలిసింది ఆ పచ్చ, ఎర్ర పేజీ ఒక్కటే. పిల్లకు చిన్న చెయ్యి, ఏదో ఒత్తుకపోయి ఉంటది. ఉట్టి చప్పుడు ఉంటది. ఫ్యాను చప్పుడు.”

“రోజూ ఒత్తుకపోతదా? నూట ఎనిమిది రోజులు?”

“మూసెయ్ సాయీ. వచ్చినయి గద. చాలు.”

“మూస్తే ఎట్ల? గొంతు వస్తుందో లేదో చూడాలె. పిల్ల వచ్చినంక పలకకపోతే? ఒక్కటి పెట్టి చూస్త. సార్‌ది పెట్టాల్నా?”

“ఆయనది వద్దు.”

“మరి?”

“నిన్నటిది పెట్టు. ఫ్యాను చప్పుడే ఉంటది.”

“పెడ్తున్న.”

“సౌండు తగ్గించు.”

“తగ్గించిన. వస్తుంది.”

“నాన్నా... నాన్నా, నేను సౌందర్యను. ఇయ్యాల శనివారం. ఒంటిపూట బడి. బడి అయినంక తాత వచ్చి నన్ను హయత్‌నగర్ తీస్కపోతడు. అందుకే రేపు నీకు చెప్పనీకి రాదు. ఎదురు చూడకు, సరేనా?”

“సౌందర్య గొంతు అక్కా ఇది.”

“ఉష్. ఉండు.”

“నిన్న ఎక్కాలల్ల పన్నెండో ఎక్కం అప్పచెప్పిన. ఒక్కటే తప్పు పోయింది. అండాలమ్మమ్మ మెట్ల మీద జారింది గాని పడలేదు. మస్తు తిట్టింది మెట్లను. ఇంకా... ఆఁ, బర్రె కథ నేను నీకు చెప్పిన గద మొత్తం? అది మెట్రో ఎక్కి చైతన్యపురి దాక పోయి, తప్పని తెలిసి మల్ల ఎన్కకు వచ్చింది గద? ఇయ్యాల రాత్రి నానమ్మకు గూడ చెప్త.

నాన్నా, ఇంకోటి. రమ్య టీచర్ నీ గురించి రాయమన్నది. అమ్మ చదువుతది గద, అందుకని మా నాన్న రోజూ మాట్లాడుతడు అని రాసిన. నువ్వు మాట్లాడవు, నాకు తెలుసు. నేనే మాట్లాడుత. అమ్మ చదివి ఏమనలేదు. సంతోషపడ్డట్టుంది.

నువ్వు సచ్చిపోయినవని నాకు పెద్దమ్మ ఇంట్లనే ఎరుకైంది. నానమ్మకు తెలుసు. సాయి అన్నకు తెలుసు. అమ్మనే నీ చెప్పులు రోజూ తుడిచి తలుపు కాడ పెడ్తది. నీ ఫోన్‌కు చార్జింగ్ పెడ్తది. దండ గూడ తీసేసింది. నీ కథలు పెడ్తె వంటింట్లకు పోయి తలుపేసుకుంటది, నువ్వొచ్చినంక నీ నోటితోనే వింటదేమో. నేను చిన్నపిల్లను గద, నేను చెప్తె బాగుండదు. నానమ్మను చెప్పమన్న. నాతోని కాదు బిడ్డా అని ఏడ్చింది. ఇయ్యాల తాతను అడుగుత.

పోతున్న నాన్నా, అమ్మ జడ ఎయ్యనీకి పిలుస్తుంది. అమ్మకు ఇంకా ఎవ్వరు చెప్పలేదు.”